2026 జనవరి చర్చ: ఒబామాకేర్ అదనపు సబ్సిడీ పోయింది, నెలకు 640 కట్టేవాళ్లం, ఇప్పుడు 2,310 అంటున్నారు

అట్లాంటా_బాబాయి
అందరికీ నమస్కారం. నాకు 60, మా ఆవిడకు 57. నేను ఒక గ్యాస్ స్టేషన్‌లో మేనేజర్‌ని, ఆవిడ చిన్న డేకేర్‌లో పనిచేస్తుంది. రెండు చోట్లా పట్టుమని ఇరవై మంది లేరు, యాభై మంది లోపు ఉన్న యజమాని ఇన్సూరెన్స్ ఇవ్వాలని చట్టం లేదు, అందుకే ఇన్నాళ్లూ మార్కెట్‌ప్లేస్‌లోనే (ఒబామాకేర్ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ఇన్సూరెన్స్ బజారు) మధ్యరకం సిల్వర్ ప్లాన్ కొనుక్కుంటున్నాం. ఇద్దరి ఆదాయం కలిపి 90 వేలు. పోయినేడాది దాకా నెలకు దాదాపు 640 డాలర్లు పడేది. డిసెంబరులో ఆటో రెన్యూ అయినట్టు ఉత్తరం వచ్చింది, విప్పి చూస్తే అదే ప్లాన్, అదే డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యే ముందు మన జేబులోంచి పెట్టాల్సింది), సబ్సిడీ అన్న చోట సున్నా, కట్టాల్సింది 2,310. జనవరిది ఎలాగో కట్టాను. నాకు షుగరు, ఆవిడకు థైరాయిడ్, మందులు మానే వయసు కాదు. 65 ఏళ్లకు వచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్‌కి నాకు ఇంకా ఐదేళ్లుంది. ఇన్సూరెన్స్ మానేద్దామా అని కూడా అనుకుంటున్నాం. మీలో ఎవరైనా ఇదే స్థితిలో ఉంటే ఏం చేస్తున్నారో చెప్పండి.

ఇర్వింగ్‌వాసి
బాబాయ్ గారూ, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ ఇది ఎవరి వల్ల వచ్చిందో కూడా మాట్లాడుకోవాలి కదా. ఈ అదనపు సబ్సిడీ కోవిడ్ కాలంలో, 2021 మార్చిలో డెమోక్రాట్లు తెచ్చింది. 2022లో ఇంకో మూడేళ్లు పొడిగించిందీ వాళ్లే, 2025 డిసెంబరు 31తో ఆగిపోవాలని తేదీ రాసిందీ వాళ్లే. వాళ్లు రాసిన తేదీ వచ్చినప్పుడు రిపబ్లికన్లు లాగేసుకున్నారని అరవడం ఏం న్యాయం? శాశ్వతం చేస్తే పదేళ్లలో 350 బిలియన్ డాలర్లు అవుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే చెప్పింది. ఆ డబ్బు మీ చేతికి కూడా రాదు, నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీకి పోతుంది. ప్రభుత్వం ఎంతైనా కడుతుందని తెలిశాక కంపెనీ రేటు ఎందుకు తగ్గిస్తుంది? పైగా నెలకు సున్నా ప్రీమియం అని చెప్పి, మనిషికి తెలియకుండానే బ్రోకర్లు పేర్లు ఎక్కించేసి కమిషన్లు తిన్న కేసులు 2024లో బయటపడ్డాయి. నేను కట్టే పన్ను అలా పోతుంటే అడిగే హక్కు నాకు లేదా?

జెర్సీ_అక్క
తమ్ముడూ, తేదీ వాళ్లే రాశారన్నది నిజమే. సెనేట్‌లో యాభై ఓట్లతో పనిచేయాల్సి వచ్చింది కాబట్టి ఖర్చు తక్కువ కనపడేలా మూడేళ్లే పెట్టారు. కానీ పొడిగించకుండా ఆపింది ఎవరు? 2025 జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బిల్లులో 2017 నాటి పన్ను తగ్గింపులకీ గడువు ముగుస్తోందని వాటిని శాశ్వతం చేసుకున్నారు. అదీ 2025 ఆఖరుతోనే ఆగిపోవాల్సింది. ఒక గడువేమో పవిత్రం, ఇంకో గడువేమో పొడిగించొచ్చు, అంతేనా?

2010కి ముందు ఎలా ఉండేదో ఇప్పుడు ఐటీలోకి వచ్చిన పిల్లలకు తెలియదు, అందుకే చెప్తున్నా. 2008లో మా ఆయన ఉద్యోగం పోయింది. అప్పటికే ఆయనకు షుగరు. బయట ప్లాన్ కొందామని అప్లై చేస్తే ఒక కంపెనీ నేరుగా కుదరదంది, ఇంకోటి ఇస్తాం గానీ షుగరుకి సంబంధించినది ఏదీ కవర్ చేయం అంది. షుగరు ఉన్న మనిషికి షుగరుకి సంబంధం లేని జబ్బు ఏముంటుంది చెప్పు? కిడ్నీ అయినా గుండె అయినా కన్ను అయినా దాని ఖాతాలోనే రాస్తారు. ఆ పద్ధతిని ఆపింది ఒబామాకేర్. 2010 మార్చిలో దిగువ సభ హౌస్‌లో 219-212తో పాసయింది, ఒక్క రిపబ్లికన్ కూడా ఓటెయ్యలేదు. అప్పటి నుంచీ రద్దు చేస్తాం, దీనికన్నా మంచిది తెస్తాం అంటున్నారు. 2017లో హౌసు, సెనేటు, వైట్‌హౌసు మూడూ వాళ్లవే, మంచిది తేలేదు. ఉన్నదాన్ని పడగొట్టబోతే సెనేటర్లు మెకెయిన్, కాలిన్స్, మర్కౌస్కీ అడ్డుపడి సెనేట్‌లో 49-51తో ఆగింది. ఆ ముగ్గురూ రిపబ్లికన్లే.

కరీంనగర్_బిడ్డ
అక్కా, పార్టీల లెక్క పక్కకు పెడితే మాలాంటి వాళ్ల సంగతి ఎవరూ మాట్లాడుతలేరు. నేను హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న. ఆ జూలై బిల్లులోనే ఇంకో మాట ఉంది, 2027 జనవరి నుంచి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ గ్రీన్‌కార్డు ఉన్నోళ్లకు, ఇంకో ఒకటి రెండు వర్గాలకు తప్ప వేరే వీసాల మీద ఉన్నోళ్లకు రాదు. ఉద్యోగం ఉన్నన్ని రోజులు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటది, నిజమే. లేఆఫ్ అయితే? ఉద్యోగం పోయినా పాత కంపెనీ ఇన్సూరెన్సే కొనసాగించుకునే కోబ్రాకి పోదామంటే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలె. ఇండియాలో పుట్టినోడికి గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తదో దేవుడికే ఎరుక. పన్నులు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కటింగ్ అన్నీ పౌరుడు కట్టినట్టే కడుతున్నా.

ఇంకోటి, మా అమ్మానాన్నలకు నిరుడే గ్రీన్‌కార్డు వచ్చింది (అన్న సిటిజన్, ఆయన స్పాన్సర్ చేసిండు). టెక్సాస్‌లో మా అన్న దగ్గర ఉంటున్నరు. మొన్నటి దాకా వాళ్లకు సబ్సిడీతో చాలా తక్కువకు ప్లాన్ వచ్చింది, ఇప్పుడు అర్హత లేదని చూపిస్తోంది. ఇది కూడా ఆ డిసెంబరు 31 గడువేనా?

పన్నులపంతులు
కాదు తమ్ముడూ, అది వేరే. చాలామంది రెండిటినీ కలిపేస్తున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను (నేను టాక్స్ ఫైలింగ్‌లు చేస్తుంటాను, ఈ నెలంతా ఇవే ఫోన్లు).

గ్రీన్‌కార్డు వచ్చాక మొదటి ఐదేళ్లు మామూలుగా మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్) రాదు. పేదరికపు గీత కంటే తక్కువ ఆదాయం ఉంటే మామూలుగా మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ కూడా రాదు, ఎందుకంటే వాళ్లను మెడికెయిడ్ చూసుకుంటుందని అసలు చట్టం అనుకుంది. ఇటూ అటూ కాకుండా పోతారని, చట్టబద్ధంగా ఉన్న వలసదారులకు మాత్రం గీత కింద ఉన్నా సబ్సిడీ ఇచ్చారు. మన పెద్దవాళ్లు చాలామందికి ప్లాన్ వచ్చింది ఆ నిబంధన కిందే. జూలై బిల్లు దాన్ని 2026 జనవరి 1 నుంచి తీసేసింది. అదనపు సబ్సిడీని రేపు పొడిగించినా ఇది తిరిగి రాదు.

ఇక దారులేమిటి. ఇద్దరు మనుషుల ఇంటికి ఈ ఏడాది లెక్కకు గీత 21,150 డాలర్లు. మీ అమ్మానాన్నలకు ఇండియాలో పెన్షన్, అద్దెలు, బ్యాంకు వడ్డీ ఉంటే అవన్నీ ఇక్కడ చూపించాల్సిన ఆదాయాలే, నిజంగా అవన్నీ కలిపి ఆ గీత దాటితే సబ్సిడీ వస్తుంది. లేని ఆదాయం ఉన్నట్టు రాయకండి, పట్టుబడితే గ్రీన్‌కార్డుకే ముప్పు. మీ అన్న తన రిటర్నులో వాళ్లను డిపెండెంట్లుగా చూపిస్తే అన్న జీతమే వాళ్ల ఇంటి ఆదాయం అవుతుంది, అది కూడా చూసుకోండి. ఐదేళ్లు వరుసగా ఉండి 65 దాటితే మెడికేర్ కొనుక్కోవచ్చు, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేదు కాబట్టి పార్ట్ ఎ (హాస్పిటల్ ఖర్చులకి) కే నెలకు 565, పార్ట్ బి (డాక్టరు ఖర్చులకి) కి ఇంకో 203 దాకా, ఒక్కొక్కరికి. విజిటర్ ఇన్సూరెన్స్‌తో సరిపెడదాం అంటారు కొందరు, పాత జబ్బులకు అది పనికిరాదు.

ఇర్వింగ్‌వాసి
పంతులు గారు చెప్పిందే నా పాయింటు. కొడుకులు ఏటా రెండు లక్షలు సంపాదిస్తూ, పెద్ద ఇంట్లో అమ్మానాన్నలను పెట్టుకుని, వాళ్లకు ఆదాయం లేదని రాసి సబ్సిడీ తీసుకోవడం మన వాళ్లలో ఎంతమంది చేశారో అందరికీ తెలుసు. స్పాన్సర్ చేసేటప్పుడు మేం పోషిస్తాం అని సంతకం పెడతాం కదా, ఐ-864. ఆ సంతకానికి విలువ లేదా? నాకు మా నాన్నంటే ప్రేమ లేక కాదు, ఆయన ప్లాన్‌కి పూర్తి డబ్బు నేనే కడుతున్నాను.

కరీంనగర్_బిడ్డ
అన్నా, చట్టం ఇచ్చినదే తీసుకున్నరు, దొంగతనం చేయలే. అందరూ రెండు లక్షల జీతగాళ్లు కాదు. మా అన్న ట్రక్కు నడుపుతడు.

చార్లట్_నర్సు
నేను ఎమర్జెన్సీలో నైట్ డ్యూటీ చేస్తాను. ఇన్సూరెన్స్ లేకపోతే మనిషికి వైద్యం ఆగిపోతుంది, ప్రభుత్వానికి డబ్బు మిగులుతుంది అనుకునేవాళ్లకి ఒక్కసారి మా దగ్గర పరిస్థితి చెప్పాలి. 1986లో రీగన్ కాలంలో వచ్చిన చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా డబ్బుందా లేదా అని చూడకుండా ముందు ప్రాణం నిలబెట్టాలి. అది మంచి చట్టం. కానీ నెలకు కొన్ని డాలర్ల బీపీ మాత్ర కొనలేక మానేసిన మనిషి స్ట్రోక్‌తో వస్తాడు. రాత్రి మూడింటికి స్కాన్, క్లాట్ కరిగించే ఇంజెక్షన్, ఐసీయూ. ఒక్క చెయ్యి పడిపోయి ఇంటికి వెళ్తాడు. ఆ బిల్లు అతను కట్టలేడు, హాస్పిటల్ దాన్ని మిగతా వాళ్ల రేట్లలోకి ఎక్కిస్తుంది, ఇర్వింగ్ అన్నయ్యా, మీ కంపెనీ ప్లాన్ ప్రీమియంలో కూడా అది ఉంటుంది.

మా నార్త్ కరోలినా 2023 డిసెంబరులో మెడికెయిడ్‌ని ఇంకా ఎక్కువమంది పేదలకి విస్తరించింది. రిపబ్లికన్ల చేతిలో ఉన్న అసెంబ్లీ, డెమోక్రాట్ గవర్నర్ కలిసి చేశారు. ఆరు లక్షల మందికి పైగా చేరారు. మార్పు కళ్లారా చూశాను, ఇన్సులిన్ మానేసి వచ్చే కేసులు మా వార్డులో తగ్గాయి. మీ టెక్సాస్, బాబాయి గారి జార్జియా ఇప్పటికీ పూర్తిగా విస్తరించలేదు. 2012లో సుప్రీం కోర్టు అది రాష్ట్రాల ఇష్టం అన్నాక వచ్చిన చిక్కు ఇది.

వర్జీనియా_రాణి
నేను డెమోక్రాట్లకే ఓటేస్తాను, అయినా నా కోపం వాళ్ల మీదే. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు, ఖర్చుల బిల్లు పాసవక ప్రభుత్వం మూతపడింది. అప్పటిదాకా ఈ దేశంలో అంత పొడుగు షట్‌డౌన్ ఎప్పుడూ లేదు. మా ఆయన ఫెడరల్ కాంట్రాక్టరు, ఉద్యోగులకు తర్వాత జీతం వెనక్కి ఇస్తారు, కాంట్రాక్టర్లకు అదీ లేదు. సబ్సిడీ కోసం పోరాటం అన్నారు, సరే, పళ్ల బిగువున భరించాం. చివరికి మా వైపు సెనేటర్లే ఎనిమిది మంది అటు మారి, డిసెంబరులో ఓటింగ్ పెడతామన్న ఒక్క మాట పట్టుకుని తలుపులు తెరిచారు. డిసెంబరు 11న ఓటింగ్ పెట్టారు. మూడేళ్ల పొడిగింపుకి 51 వచ్చాయి, అరవై కావాలి, పడిపోయింది. రిపబ్లికన్లది, హెల్త్ సేవింగ్స్ అకౌంట్లో (హెచ్ఎస్ఏ, వైద్యం కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) వెయ్యి, పదిహేను వందల డాలర్లు వేస్తామన్నది, అదీ 51 దగ్గరే ఆగింది. ఇంతకీ మాకు పోయిన జీతం దేనికి పోయినట్టు?

జెర్సీ_అక్క
నీ బాధ నిజం రాణీ. కానీ ఆ 43 రోజులు లేకపోతే ఈ విషయం టీవీలో వచ్చేదే కాదు. అట్లాంటా బాబాయి గారి రాష్ట్రం నుంచే హౌస్‌లో ఉన్న మార్జొరీ టేలర్ గ్రీన్, ఒకప్పుడు ట్రంప్‌కి అంత వీరాభిమాని, తన పెద్ద పిల్లల ప్రీమియం రెట్టింపు అవుతోందని సొంత పార్టీనే నిలదీసింది. తర్వాత నలుగురు రిపబ్లికన్లు డిశ్చార్జ్ పిటిషన్ మీద సంతకాలు పెట్టబట్టే స్పీకర్ వద్దన్నా మూడేళ్ల పొడిగింపు బిల్లు ఓటింగ్‌కి వచ్చింది. జనవరి 8న హౌస్‌లో 230-196తో పాసయింది, 17 మంది రిపబ్లికన్లు ఓటేశారు. ఇప్పుడు బంతి సెనేట్ దగ్గరుంది.

ఇర్వింగ్‌వాసి
సెనేట్‌లో పాసవదు అక్కా. ట్రంప్ చెప్పిందే సరైనది, కంపెనీలకు కాకుండా జనం చేతికే ఇవ్వాలి. వాళ్లే బేరమాడుకుని కొనుక్కుంటారు.

చార్లట్_నర్సు
ఛాతీలో నొప్పితో వచ్చినవాళ్లు స్ట్రెచర్ మీద పడుకుని ఏం బేరమాడతారు అన్నయ్యా? పదిహేను వందలతో ఒక్క సీటీ స్కాన్ కూడా కొన్ని చోట్ల రాదు.

కూకట్‌పల్లి_రిటర్న్
ఇవన్నీ పడలేకే వెనక్కి వచ్చేశాం. ఇక్కడ ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లకి గుండె ఆపరేషన్ కూడా ఉచితం, తెలంగాణలో పరిమితి పది లక్షలకు పెంచారు. 2025 సెప్టెంబరు నుంచి ఎవరికి వారు కొనుక్కునే హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. అమెరికా అంత డబ్బున్న దేశం ఈ మాత్రం చేయలేదా?

జెర్సీ_అక్క
ఆరోగ్యశ్రీ మంచిదే, మా ఊళ్లో ఎంతోమందిని బతికించింది. కానీ బకాయిలు రాలేదని హాస్పిటళ్లు సేవలు ఆపేస్తామనడం కూడా ఏటా చూస్తున్నాం కదండీ. ఎక్కడైనా చివరికి డబ్బు ఎవరు కడతారన్న దగ్గరే ఆగుతుంది. బాబాయి గారు అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు, దాని గురించి మాట్లాడదాం.

పన్నులపంతులు
జవాబుకి ముందు, ఇర్వింగ్ తమ్ముడికి ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే "నా పన్నుతో వాళ్లకు సబ్సిడీ" అన్న మాట మన వాళ్లలో చాలామంది అంటారు. నేను రోజూ డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను కోతల పత్రాలు) చూస్తాను. కంపెనీ ద్వారా వచ్చే ఫ్యామిలీ ప్లాన్ ఖరీదు 2025లో సగటున దాదాపు 27 వేల డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది ఏడు వేల లోపు, మిగతా 20 వేలు కంపెనీ కడుతుంది. ఆ 20 వేలు మీ సంపాదనే, కానీ దాని మీద మీరు ఒక్క డాలరు పన్ను కట్టరు. 22 శాతం ఫెడరల్ పన్ను, 7.65 శాతం పేరోల్ పన్ను వేసుకుంటే దాదాపు ఆరు వేలు. ప్రభుత్వం ఏటా మీకు ఆరు వేలు వదిలేస్తోంది. డబ్ల్యూ-2లో 12వ గడిలో డీడీ అని అక్షరాలుంటాయి, పక్కన మీ ప్లాన్ మొత్తం ఖరీదు ఉంటుంది, ఇవాళే తీసి చూడండి. యుద్ధకాలంలో 1942లో జీతాలు పెంచకూడదని ఆంక్ష పెడితే కంపెనీలు ఇన్సూరెన్స్ ఆశ చూపి పనివాళ్లను తెచ్చుకున్నాయి, 1954లో అది పన్ను చట్టంలో స్థిరపడింది. మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ కంటే ఇది చాలా పెద్ద పద్దు. దీనికి గడువు తేదీ లేదు, దీని కోసం ఎవరూ షట్‌డౌన్ చేయరు, ఎందుకంటే రెండు పార్టీల ఓటర్లకూ అందుతోంది. జీతం ఎక్కువ ఉన్నవాడికి, పన్ను స్లాబు పెద్దది కాబట్టి, ఎక్కువ అందుతుంది. గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే మనిషికి మాత్రం అందదు.

ఇర్వింగ్‌వాసి
అది నా జీతంలో భాగం అండీ. నా సంపాదన మీద పన్ను వేయకపోవడం, ఇంకొకరి దగ్గర తీసుకుని నాకు ఇవ్వడం ఒకటి ఎలా అవుతాయి? దాన్ని తీసేసి అందరికీ ఒకేలా క్రెడిట్ ఇస్తామంటే నేను వ్యతిరేకించను, 2008 ఎన్నికల్లో ఒబామా మీద నిలబడిన మెకెయిన్ చెప్పింది దాదాపు అదే.

పన్నులపంతులు
అవును, అప్పుడు ఒబామా దాన్ని పన్ను పెంపు అని యాడ్లలో ఎండగట్టాడు. ఆ తర్వాత కూడా ఏ పార్టీ దాన్ని తీసేయలేదు. ఖజానాకి మాత్రం రెండూ ఒకటే, రావాల్సింది రాలేదు.

ఇక బాబాయ్ గారూ, మీకు జరిగింది ఇది. 2021 నుంచి 2025 దాకా ఆదాయం ఎంతైనా ప్రీమియం అందులో 8.5 శాతం దాటకూడదన్న నియమం ఉంది, 90 వేలకి నెలకు 640 అందుకే. ఇప్పుడు పాత నియమం తిరిగొచ్చింది, పేదరికపు గీతకు నాలుగు రెట్లు దాటితే సబ్సిడీ పూర్తిగా సున్నా. ఇద్దరికి ఆ హద్దు 84,600. హద్దు లోపల ఉంటే ఆదాయంలో 9.96 శాతం దాకా మీరు కట్టాలి, మిగతాది ప్రభుత్వం. మీ వయసుకి, మీ ప్లాన్ ధరకి 84,600 దగ్గర ఏడాదికి 8,400 కట్టేవాళ్లు ఒక డాలరు ఎక్కువ సంపాదిస్తే 27,700 కట్టాలి. 25 ఏళ్ల కుర్రాడికి ప్రీమియమే తక్కువ కాబట్టి ఇంత దెబ్బ తగలదు, ఇది సరిగ్గా యాభై దాటి మెడికేర్‌కి అందని వాళ్ల మీద పడుతుంది. ఏ పార్టీవాళ్లయినా సరే, దీన్ని సమర్థించే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

మీరు హద్దు దాటింది 5,400. ఈ ఏడాది నుంచి మార్కెట్‌ప్లేస్‌లో ప్రీమియం తక్కువుండే బ్రాంజ్ ప్లాన్లన్నీ హెచ్ఎస్ఏకి (ఇందాకటి హెల్త్ సేవింగ్స్ అకౌంటు) అర్హమే, ఇది కూడా ఆ జూలై బిల్లులోదే, మంచి పని చేశారు. ఇద్దరూ బ్రాంజ్‌కి మారి హెచ్ఎస్ఏ తెరవండి. కుటుంబానికి ఏడాదికి 8,750 వేసుకోవచ్చు, ఫిబ్రవరి నుంచి పదకొండు నెలలకే లెక్కేసినా ఎనిమిది వేలు. అది ఆదాయంలోంచి తీసేస్తారు, 82 వేలకు దిగుతారు. అప్పుడు మీ వంతు నెలకు 680, అదీ సిల్వర్ లెక్కకి, బ్రాంజ్ ధర తక్కువ కాబట్టి చేతినుంచి ఇంకా తక్కువే పడుతుంది. కట్టిన జనవరి ప్రీమియం మీద క్రెడిట్ వచ్చే ఏడాది ఫైలింగ్‌లో తిరిగొస్తుంది.

అట్లాంటా_బాబాయి
పంతులు గారూ, మీ రుణం తీర్చుకోలేను. కానీ బ్రాంజ్ అంటే డిడక్టబుల్ చాలా ఎక్కువ కదండీ? నాకు మూడు నెలలకోసారి షుగరుకి ఎ1సి టెస్టు, కంటి డాక్టరు ఉంటాయి.

పన్నులపంతులు
ఎక్కువే. ఇద్దరికీ కలిపి ఏడాదిలో చేతినుంచి 21,200 దాకా పడే అవకాశం ఉంది, పెద్ద జబ్బు వస్తే. కానీ సిల్వర్‌కి పూర్తి ధర కడితే ఏ జబ్బూ రాకుండానే 27,700 పోతుంది. టెస్టులకీ మందులకీ హెచ్ఎస్ఏ డబ్బే వాడుకోవచ్చు.

జార్జియాకి సొంత సైటు ఉంది, జార్జియా యాక్సెస్, అందులోనే మార్చాలి. ఈ నెల 15 ఆఖరు, ఆలోపు మారిస్తే ఫిబ్రవరి 1 నుంచి అమలు. ఆదాయం రాసేటప్పుడు హెచ్ఎస్ఏ తీసేసిన లెక్క రాయండి. ఇంకో జాగ్రత్త: ఓవర్‌టైమ్, బోనస్, స్టాకు అమ్మిన లాభం, ఇండియాలో స్థలం అమ్మడం, ఏదైనా సరే ఏడాది చివరికి 84,600 దాటిస్తే తీసుకున్న సబ్సిడీ మొత్తం తిరిగి కట్టాలి. ఇదివరకు ఆదాయం తక్కువున్న వాళ్లకు తిరిగి కట్టడానికి ఒక పరిమితి ఉండేది, ఈ ఏడాది నుంచి ఎవరికీ లేదు. అక్టోబరులో ఒకసారి పే స్టబ్బులు పట్టుకుని నాకు మెసేజ్ చేయండి, తేడా ఉంటే ఐఆర్ఏలో (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) కొంత వేసి సరిచేద్దాం.

ఇర్వింగ్‌వాసి
బాబాయ్ గారూ, సైటులో మార్చడం కష్టంగా ఉంటే ఈ శనివారం సాయంత్రం జూమ్‌లో కూర్చుందాం, మా నాన్నది నేనే చేశాను, గంటలో అయిపోతుంది. పార్టీల గొడవ పంతులు గారితో తర్వాత తేల్చుకుంటాను.

అట్లాంటా_బాబాయి
శనివారం ఆరు తర్వాత అయితే నా డ్యూటీ అయిపోతుంది నాయనా. మా ఆవిడ మందుల లిస్టు, పోయినేటి డబ్ల్యూ-2లు పక్కన పెట్టుకుని కూర్చుంటాం.